వరదలో మనిషిని వెతికే చిన్న విమానం: కెమెరా నుంచి వెనక సీటు దాకా ఎలా సిద్ధం చేయాలి

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జులైలో మళ్లీ 71.3 అడుగులు తాకింది. అలాంటి రోజున మూడు వేల అడుగుల ఎత్తు నుంచి కిందికి చూస్తే ఏరు, ఊరు, పొలం అన్నీ కలిసిపోయి ఒకటే ఎర్రనీళ్లు. కొబ్బరిచెట్ల తలలు, డాబాల అంచులు, కరెంటు స్తంభాల కొసలు మాత్రం పైకి కనిపిస్తుంటాయి. వాటిలో ఏదో ఒక డాబా మీద ఒక కుటుంబం తడిసిన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంటుంది. విమానం ఎగిరేది వాళ్ల కోసమే.

నేను విమానాల మెయింటెనెన్సు పని చేస్తూ చేస్తూ కెమెరా ఆపరేటర్ సీటులోకి వచ్చినవాణ్ని. అందుకే ఈ పనిని రెండు వైపుల నుంచీ చూశాను. చాలామంది మంచి కెమెరా కొని, దాన్ని విమానానికి బిగించి, తర్వాత దాంతో ఏం చేయాలో ఆలోచిస్తారు. అలా చేస్తే డబ్బు పోతుంది, బరువు పెరుగుతుంది, మనిషి మాత్రం కనపడడు. కింద ఉన్న మనిషి సైజు ఎంత, వెనక సీటులో స్క్రీను చూస్తున్న మనిషి ఎంతసేపు చూడగలడు అన్న రెండు కొలతలతో మొదలుపెట్టండి. మిగతా లెక్కలన్నీ వాటి నుంచే వస్తాయి.

మొదటి అడుగు: ఏం చూడాలో ఒక పేజీలో రాయండి

తెల్లకాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. వెతికేది ఏమిటి: మనిషా, పడవా, గండి పడిన కట్టా, అడవిలో మంటా? పగలా, రాత్రా? విమానం బయల్దేరిన చోటి నుంచి ఎంత దూరం, అక్కడ ఎన్ని గంటలు? చూసింది ఎవరికి, ఎంతసేపట్లో తెలియాలి?

నాలుగో ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది కానీ సగం ఖర్చును తేల్చేది అదే. కలెక్టరేట్‌లో కూర్చున్నవాళ్లకు లైవ్ వీడియో కావాలంటే ఒక రకం సామాను కావాలి. పడవతో సిద్ధంగా ఉన్న ఎన్డీఆర్ఎఫ్ బృందానికి అక్షాంశ రేఖాంశాలు రేడియోలో చెబితే చాలంటే ఇంకో రకం. రెండోది చాలా తేలిక, చాలా చవక. ప్రాణం కాపాడే విషయంలో చాలాసార్లు రెండోదే ముందు పనికొస్తుంది.

ఈ మార్గదర్శిలో నేను తీసుకున్న పని ఇది: గోదావరి, కృష్ణ వరద ప్రాంతాల మీద పగలూ రాత్రీ మనుషుల్ని వెతకడం, మూడున్నర నుంచి నాలుగు గంటల పాటు.

రెండో అడుగు: విమానం

నేల పైన ఎగిరే పనికి నేను ఒక ఇంజన్ చిన్న విమానం సెస్నా టీ206హెచ్‌ని ఎంచుకుంటాను. రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద చూపుకు అడ్డం రాదు. 310 హార్స్‌పవర్ టర్బో ఇంజన్, గరిష్ఠ టేకాఫ్ బరువు 1,633 కిలోలు, వెనక కుడివైపు పెద్ద జంట తలుపు. నెమ్మదిగా, స్థిరంగా తిరుగుతుంది. అంతకంటే చిన్నదైన సెస్నా 172 అయితే ఇద్దరు మనుషులు, ఇంధనం ఎక్కాక సామానుకు మిగిలేది చాలా తక్కువ.

సముద్రం మీదికి వెళ్లే పనైతే మాత్రం ఒక ఇంజన్ విమానంతో వద్దు. మూడు వేల అడుగుల మీద ఇంజన్ ఆగితే 206 గ్లైడ్ అయ్యేది, అంటే గాల్లో జారుతూ పోగలిగేది, దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. చేపల పడవలు అంతకంటే చాలా దూరం పోతాయి. అక్కడ రెండు ఇంజన్లవి కావాలి. ముక్కు మొత్తం అద్దంగా ఉండే ఇటలీ విమానం పీ68 అబ్జర్వర్, ఆస్ట్రియాలో తయారయ్యే డైమండ్ డీఏ42 ఎంపీపీ ఇలాంటి పనికే పుట్టినవి. డీఏ42కి ఇంకో సుగుణం ఉంది. దాని డీజిల్ ఇంజన్లు జెట్ ఇంధనంతోనే నడుస్తాయి. 206కి కావలసిన విమానాల పెట్రోలు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌ను ఇండియన్ ఆయిల్ 2022 నుంచి గుజరాత్ రిఫైనరీలో తయారు చేస్తోంది. అంతకుముందు మనకు దిగుమతే గతి. అయినా ప్రతి విమానాశ్రయంలో అది దొరుకుతుందని అనుకోకండి. వరద రోజున ఇంధనం ఎక్కడి నుంచి తెస్తారో ముందే తేల్చుకోండి.

మూడో అడుగు: కెమెరా లెక్క

ఇక్కడ కాసేపు ఆగుదాం. బ్రోషర్లో 'ఇరవై కిలోమీటర్ల దూరంలో పడవను చూస్తుంది' అని రాసి ఉంటుంది. పడవ అంటే ఎంత పడవ, చూడటం అంటే ఏమిటి అన్నది రాయరు. లెక్క మనమే వేసుకోవాలి. స్కూలు లెక్కే.

అమెరికా సైన్యంలో రాత్రి చూపు పరికరాల మీద పనిచేసిన జాన్ జాన్సన్ 1958లో ఒక కొలత చెప్పాడు. వస్తువు చిన్న వైపు కొలత మీద సుమారు 2 పిక్సెళ్లు పడితే 'అక్కడేదో ఉంది' అని తెలుస్తుంది. 8 పడితే 'అది మనిషి, గేదె కాదు' అని తెలుస్తుంది. 13 పడితే ఇంకా వివరం తేలుతుంది. అదీ సగం సార్లు మాత్రమే. పూచీ ఉన్న లెక్క కాదు, కానీ ఇప్పటికీ మొదలుపెట్టడానికి ఇదే మంచిది.

ఒక థర్మల్ కెమెరా, అంటే వేడిని బొమ్మగా చూపే కెమెరా, తీసుకోండి. 640 బై 512 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), లెన్సు 150 మిల్లీమీటర్లు. 15 మైక్రాన్లను 150 మిల్లీమీటర్లతో భాగిస్తే 0.1 మిల్లీరేడియన్. అంటే కిలోమీటరు దూరంలో ఒక పిక్సెల్‌కు 10 సెంటీమీటర్లు. ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో 15 సెంటీమీటర్లు. మనిషి వెడల్పు అర మీటరు అనుకుంటే వాడి మీద మూడు పిక్సెళ్లు పడతాయి. ఏదో వెచ్చగా ఉందని తెలుస్తుంది, మనిషని గట్టిగా చెప్పలేం. ఎనిమిది పిక్సెళ్లు కావాలంటే దాదాపు 600 మీటర్ల దగ్గరికి రావాలి, లేదా ఇంకా పొడుగు లెన్సు కావాలి.

అయితే పొడుగు లెన్సే కొందాం అనుకుంటే ఇంకో చిక్కు. ఈ 150 లెన్సుతోనే ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో స్క్రీను మీద కనపడే వెడల్పు 96 మీటర్లే. తలుపు సందులోంచి ఊరంతా చూడటం లాంటిది అది. విమానం సెకనుకు 46 మీటర్లు పోతుంటే, ఆ సన్నటి చూపుతో ఒక చదరపు కిలోమీటరు గాలించడానికి పది సార్లకు పైగా తిరగాలి. అలాగని 25 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు పెడితే 576 మీటర్లు కనపడుతుంది కానీ ఒక్కో పిక్సెల్‌కు 90 సెంటీమీటర్లు. అందులో మనిషి పిక్సెల్ కంటే చిన్నవాడు.

కాబట్టి జూమ్ మారే లెన్సు తప్పనిసరి. వెతకడం మధ్యరకం చూపుతో, రూఢి చేసుకోవడం సన్నటి చూపుతో. మొదటి అనుమానం చాలాసార్లు కిటికీలోంచి మామూలు కన్ను పట్టిస్తుంది. అమెరికాలో సివిల్ ఎయిర్ పెట్రోల్ వాళ్లు 500కు పైగా చిన్న సెస్నాలతో గాలింపు పని చేస్తున్నారు. వాళ్ల శిక్షణలో ఇప్పటికీ పెద్ద భాగం కళ్లతో వరుసగా చూడటమే. కెమెరా కొన్నాం కదా అని కిటికీ దగ్గర మనిషిని తీసేయకండి.

చల్లబరిచే సెన్సరా, చల్లబరచనిదా అన్నది తర్వాతి ప్రశ్న. చల్లబరిచేది 3 నుంచి 5 మైక్రాన్ల వేడిని చూస్తుంది. మన కోస్తా ఉక్కపోతలో, గాలి నిండా తేమ ఉన్నప్పుడు దూరం చూడటానికి అది మేలు. కానీ లోపల చిన్న కూలర్ ఉంటుంది, అది అరుగుతుంది, కొన్ని వేల గంటలకు మార్చాలి. చల్లబరచనిది 8 నుంచి 14 మైక్రాన్ల పట్టీలో చూస్తుంది, చవక, ఆన్ చేసిన వెంటనే పనిచేస్తుంది. అడవిలో పొగ మధ్య పని అయితే రెండోది బాగుంటుంది.

డాబా మీద మనిషి విషయంలో ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. తెల్లవారుజామున స్లాబు చల్లగా ఉంటుంది, మనిషి స్క్రీను మీద తెల్లటి చుక్కలా వెలుగుతాడు. మబ్బు విడిచి ఎండ కాస్తే మధ్యాహ్నానికి స్లాబు మనిషి ఒంటి కంటే వేడెక్కుతుంది. అప్పుడు అదే మనిషి నల్లటి చుక్క. పొద్దున, సాయంత్రం ఒక్కోసారి రెండూ సమానమయ్యే సమయం వస్తుంది, ఆ కాసేపు మనిషి స్క్రీను మీద కరిగిపోయినట్టే ఉంటాడు. ఆ వేళల్లో మామూలు రంగుల కెమెరాకు మారాలి. అందుకే ఒకే బంతిలో (కెమెరాలను పెట్టి అన్ని వైపులకూ తిప్పే గుండ్రటి పెట్టెలో) రెండు కెమెరాలూ ఉండాలి. వెస్కామ్ ఎమ్‌ఎక్స్-10 లాంటి చిన్నరకం బంతులు 17 కిలోల దగ్గర ఉంటాయి. ఈ తరగతే 206కి సరిపోతుంది. వీటి ధర పాత విమానం ధరతో పోటీ పడుతుంది. పైగా ఇవి ఎగుమతి నియంత్రణ ఉన్న వస్తువులు. ఎవరు, దేనికి వాడతారో రాసిచ్చి అనుమతి తెచ్చుకోవాలి. ఆర్డరు పెట్టిన రోజు నుంచి చేతికి వచ్చేదాకా నెలలు పడుతుంది. వర్షాకాలానికి కావాలంటే కిందటి వర్షాకాలం ముగియగానే మొదలుపెట్టాలి.

నాలుగో అడుగు: ఎక్కడ బిగించాలి

క్యాబిన్ లోపల నుంచి కిటికీ గుండా థర్మల్ కెమెరా పెడదామని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. కుదరదు. విమానం కిటికీ ప్లాస్టిక్ మన కంటికి ఎంత స్వచ్ఛంగా ఉన్నా ఆ వేడి కిరణాలకు గోడే. కెమెరా బయటే ఉండాలి.

పొట్ట కింద, రెక్క కింద, పక్క నుంచి చాచిన చేయి మీద: మూడు దారులున్నాయి. పొట్ట కింద పెడితే బరువు మధ్యలో ఉంటుంది, కానీ రాళ్లు, బురద, నేలకు ఎడం తక్కువ. రెక్క కింద చూపు బాగుంటుంది, కానీ ఒక వైపే బరువు, రెక్క బలం మీద ఇంజనీరింగ్ లెక్క పెద్దది. ఎగ్జాస్టు పొగ పోయే దారిలో మాత్రం ఎక్కడా పెట్టకండి. వేడిగాలి బొమ్మను అల్లాడిస్తుంది, నూనె మసి లెన్సు మీద పేరుకుంటుంది.

పైలట్ ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమకు తిరుగుతూ చుట్టూ తిరగడం అలవాటు. 90 నాట్ల (సెకనుకు 46 మీటర్ల) వేగంతో 20 డిగ్రీలు వాలితే వృత్తం వ్యాసార్ధం సుమారు 600 మీటర్లు. 10 డిగ్రీలు వాలితే 1,240 మీటర్లు. ఇప్పుడు 206 ఎడమ చక్రం కాలు ఎక్కడుందో చూడండి. అది ముడుచుకోదు. కొన్ని వాలుల్లో ఆ కాలు సరిగ్గా కెమెరాకు, డాబాకు మధ్య అడ్డం వస్తుంది.

దీనికి హ్యాంగర్‌లోనే ఒక పటం గీసుకోండి. బంతి ఉండే చోట చిన్న లేజర్ పెట్టి, పది డిగ్రీలకొకసారి తిప్పుతూ చక్రం, స్ట్రట్ (రెక్కను మోసే ఊతకడ్డీ), రెక్క, ప్రొపెల్లర్ ఎక్కడెక్కడ అడ్డొస్తున్నాయో గుర్తించండి. ఆ పటాన్ని పైలట్‌కు కూడా చూపించండి. 'ఇంకో అయిదు డిగ్రీలు తగ్గించు, కాలు అడ్డొస్తోంది' అని ఆపరేటర్ అనగానే పైలట్‌కు అర్థం కావాలి.

బ్రాకెట్ బిగించే ముందు ప్రొపెల్లర్‌ను డైనమిక్ బ్యాలెన్స్ (తిరుగుతుండగా తూకం సరిచేయడం) చేయించండి. మూడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 2,400 సార్లు తిరిగితే సెకనుకు 40 కుదుపులు, రెక్కలు దాటేటప్పుడు 120. బ్రాకెట్ కింద వేసే రబ్బరు కుషన్ల సహజ కంపనం ఈ రెండు అంకెల దగ్గర ఉండకూడదు. ఉంటే ఎంత ఖరీదైన కెమెరా అయినా బొమ్మ వణుకుతుంది, తప్పు కెమెరా మీదికి పోతుంది.

అయిదో అడుగు: బరువు

ఖాళీ విమానం 1,060 కిలోలు అనుకుందాం. మీ విమానాన్ని తూచి వచ్చిన అంకె పెట్టుకోండి, పాత కాగితం నమ్మకండి. 1,633లోంచి తీస్తే 573 మిగిలింది. పైలట్, ఆపరేటర్ కలిసి 170. మిగిలింది 403. పూర్తి ఇంధనం 329 లీటర్లు, అంటే 237 కిలోలు. మిగిలింది 166. బంతి 17, బ్రాకెట్ 8, వెనక రాక్, స్క్రీన్లు, రికార్డరు కలిపి 36, కిందికి వీడియో పంపే రేడియో లింకు 8, వైర్లు 6. మొత్తం 75. ఇంకా 91 మిగిలింది. కిటికీ దగ్గర చూసే మూడో మనిషి 85 అయితే చేతిలో ఉన్నది 6 కిలోలు. లైఫ్ జాకెట్లు, నీళ్లు, ఫస్ట్ ఎయిడ్ ఇందులో రాలేదు.

ఇక్కడ నేను మనిషిని కాదు, ఇంధనాన్ని తగ్గిస్తాను. తిరిగే వేగంలో గంటకు 50 లీటర్ల చొప్పున పూర్తి ట్యాంకు ఆరు గంటలు దాటి వస్తుంది. స్క్రీను ముందు ఏ ఆపరేటరూ ఆరు గంటలు సరిగ్గా చూడలేడు. 250 లీటర్లు వేస్తే నాలుగు గంటల పనికి, రిజర్వుకు సరిపోతుంది, 57 కిలోలు చేతికొస్తాయి. సామాను బిగించాక విమానాన్ని మళ్లీ తూచి, కొత్త లోడ్ అండ్ ట్రిమ్ షీట్ (బరువు, సమతూకం లెక్కల కాగితం) రాయించండి. వెనక రాక్ వల్ల సీజీ (బరువు కేంద్రం) వెనక్కి జరుగుతుంది. ఇంధనం నిండుగా ఉన్నప్పుడూ, అడుగంటినప్పుడూ రెండు లెక్కలూ వేయండి.

ఆరో అడుగు: కరెంటు

28 వోల్టుల విమానం, 95 ఆంపియర్ల ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే కరెంటు పుట్టించేది) అనుకుందాం. ఎప్పుడూ లాగే లోడు దాని సామర్థ్యంలో 80 శాతం దాటకూడదన్నది పాత మెయింటెనెన్సు నియమం. అంటే 76. రాత్రిపూట విమానం సొంత అవసరాలకే 38 పోతుందనుకోండి. మిగతా 38లో కెమెరా 10, రెండు స్క్రీన్లు 6, కంప్యూటరు, రికార్డరు 8, లింకు 5, అదనపు రేడియో 4. మొత్తం 33. సరిపోతుంది, కానీ ల్యాప్‌టాప్ చార్జర్‌కు చోటు లేదు.

ఈ సామానంతా ఒకే స్విచ్ మీద ఉండాలి. ఆ స్విచ్ పైలట్ చేతికి అందాలి, చీకట్లో తడిమినా దొరకాలి. ఆల్టర్నేటర్ ఆగితే, పొగ వాసన వస్తే, ఒక్క దెబ్బతో అంతా ఆగిపోవాలి. వెనకాల ఆపరేటర్ దగ్గర మాత్రమే స్విచ్ పెట్టిన విమానాన్ని నేను ఒప్పుకోను.

ఏడో అడుగు: వెనక సీటు, వెనక తలుపు

అందరూ కెమెరా గురించి అడుగుతారు, ఈ సీటు గురించి ఎవరూ అడగరు. కానీ దొరికేదీ దొరకనిదీ ఇక్కడే తేలుతుంది.

ఆపరేటర్ ముందుకు తిరిగి కూర్చోవాలి. పక్కకు తిరిగి కూర్చుని, స్క్రీను ఒక వైపు కదులుతుంటే, ఒళ్లు ఇంకో వైపు వాలుతుంటే అరగంటలో కడుపులో తిప్పుతుంది. వాంతి వస్తున్న మనిషి కళ్లు స్క్రీను మీద ఉండవు. స్క్రీను కంటికి కొంచెం కిందగా, చేయి చాపితే తాకేంత దూరంలో ఉండాలి. నల్లగుడ్డ గొడుగు లాంటిది స్క్రీను మీద ఉండాలి, లేకపోతే మధ్యాహ్నం స్క్రీనులో మన ముఖమే కనపడుతుంది. చేతి కంట్రోలర్ ఒళ్లో వేలాడకుండా మోచేయి ఆనే చోట బిగించాలి. గాలి కుదుపులో చేయి ఊగితే కెమెరా ఊగుతుంది. ముఖానికి గాలి తగిలేలా ఒక గొట్టం పెట్టండి, దానికి పెద్ద ఖర్చు కాదు. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకొకసారి ఆపరేటరూ, కిటికీ మనిషీ పని మార్చుకోవాలి. అది ప్లానులోనే రాయండి, 'అలసిపోతే చెప్పు' అంటే ఎవడూ చెప్పడు.

ఇప్పుడు తలుపు. టీ206హెచ్‌లో ముందు ఎడమవైపు పైలట్ తలుపు ఒకటి, వెనక కుడివైపు జంట తలుపు ఒకటి. అంతే. ఫ్లాప్స్ (విమానం రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) దించి ఉంటే ఆ జంట తలుపులో ముందు రెక్క పూర్తిగా తెరుచుకోదు, ఫ్లాప్‌కు తగులుతుంది. నీళ్లలో దిగిన 206 విమానాల్లో వెనకున్నవాళ్లు బయటికి రాలేక మునిగిపోయిన ప్రమాదాలు జరిగాయి. మనం ఎగరబోయేది వరద మీద. రాక్‌ను ఆ తలుపుకు అడ్డంగా ఎప్పుడూ పెట్టకండి. కేబుళ్లు కాళ్ల దగ్గర కాకుండా గోడ వెంబడి పోనివ్వండి. తర్వాత హ్యాంగర్‌లో ఫ్లాప్స్ కిందికి దించి, ఆపరేటర్ కళ్లకు గంతలు కట్టి, హెడ్‌సెట్, బెల్టుతో కూర్చోబెట్టి బయటికి రమ్మనండి. తలుపు ముందు రెక్క కొంచెం తెరిచి, వెనక రెక్క పిడి వెతికి, దాన్ని నెట్టి రావాలి. మొదటిసారి అందరూ తడబడతారు. చేతులకు దారి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయించండి. ఇది చేయని మనిషిని వెనక కూర్చోబెట్టి ఎగరకండి.

ఎనిమిదో అడుగు: వీడియో, లింకు, టైము

రికార్డింగ్‌లో బొమ్మతో పాటు సమయం, విమానం ఉన్న చోటు, కెమెరా చూస్తున్న చోటు ప్రతి ఫ్రేములో భద్రమవ్వాలి. స్క్రీను మీద అంకెలు కనపడితే చాలదు, అవి ఫైలులో డేటాగా ఉండాలి. స్టానాగ్ 4609 అనే నాటో దేశాల పద్ధతి ఇందుకే ఉంది. రికార్డరు కొనేటప్పుడు ఆ పేరు పెట్టి అడగండి.

టైము గురించి నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి తేలుతున్న పడవను చూసి, చోటూ సమయమూ రాసి చీటీ అందించాను. సమయం 03:40 అని రాశాను. అది యూటీసీ, అంటే విమానయానంలో వాడే ప్రపంచ ప్రామాణిక సమయం. మన గడియారంలో ఉదయం 9:10. కింద చీటీ తీసుకున్నాయన తెల్లవారుజామున మూడు నలభై అనుకున్నాడు. అయిదున్నర గంటల పాటు పడవ కొట్టుకుపోయి ఉంటుందని ఎక్కడో కింద వెతికించాడు. పడవ దొరికింది గానీ మధ్యాహ్నం దాటింది. ఆ రోజు నుంచి ప్రతి అంకె పక్కన ఐఎస్టీనో యూటీసీనో రాయకుండా నేను కాగితం దింపను. మీ స్క్రీను మీద రెండూ కనపడేలా పెట్టించండి.

లైవ్ లింకు కావాలనుకుంటే మైక్రోవేవ్ పరికరానికి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ నుంచి ఫ్రీక్వెన్సీ లైసెన్సు తీసుకోవాలి. మొబైల్ సిమ్ మీద ఆధారపడకండి. వరదలో మొదట పడిపోయేవి సెల్ టవర్లే. కింద పడవల వాళ్లతో నేరుగా మాట్లాడే రేడియో ఒకటి తప్పకుండా ఉంచండి. తీరం వైపు పని ఉంటే పడవలు తామెక్కడున్నామో చెబుతూ పంపే ఏఐఎస్ సంకేతాలు 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద వస్తాయి. వినే పెట్టె చిన్నది, తేలిక, చాలా ఉపయోగం.

తొమ్మిదో అడుగు: కాగితాలు

బంతి బిగించడం చిన్న రిపేరు కాదు, డిజైన్ మార్పు. ఆ మోడల్‌కు ఇప్పటికే ఎవరైనా తీసుకున్న ఎస్టీసీ (డిజైన్ మార్పుకు ఇచ్చే ఆమోద పత్రం) ఉంటే దాన్ని కొనుక్కుని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదానికి పెట్టడం అన్నిటికంటే దగ్గరి దారి. లేకపోతే అనుమతి ఉన్న డిజైన్ సంస్థ ద్వారా మొత్తం లెక్కలు చేయించాలి. ఎటు పోయినా చివరికి మీ చేతిలో ఉండాల్సినవి: ఫ్లైట్ మాన్యువల్‌కు అనుబంధం, కరెంటు లోడు విశ్లేషణ, కొత్త తూకం, ఇకముందు ఎలా మెయింటెయిన్ చేయాలో చెప్పే సూచనలు.

మన దేశంలో విమానం నుంచి ఫొటోలు తీయడానికి 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 13వ రూలు కింద అనుమతి కావాలి. 2025 జనవరి 1 నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చినా ఈ అనుమతి సంగతి పక్కన పెట్టలేం. 2021 ఫిబ్రవరిలో వచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాలు మ్యాపుల పనిని చాలా తేలిక చేశాయి, కానీ రక్షణ స్థలాల దగ్గర నిబంధనలు అలాగే ఉన్నాయి. విశాఖ చుట్టుపక్కల ఎగిరేటప్పుడు ఇది బాగా గుర్తుండాలి. ప్రతి ఎగురుడుకీ ఏడీసీ (వాయు రక్షణ అనుమతి), ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం) నంబర్లు కూడా కావాలి. వరద రోజున వీటికి పరుగులు పెట్టకుండా జిల్లా యంత్రాంగంతో కలిసి ముందే దారి వేసుకోండి.

ఇంకొకటి. ఈ కెమెరా ఇళ్ల పెరళ్లను, డాబాల మీద నిద్రపోయే మనుషుల్ని కూడా చూస్తుంది. వెతుకులాటకు సంబంధం లేని రికార్డింగ్ ఎన్ని రోజులు ఉంచాలి, ఎవరు చూడొచ్చు అన్నది మొదటి ఎగురుడుకు ముందే రాసి సంతకం చేయండి. ఆపదలో ఉన్నవాళ్ల బొమ్మలు వాట్సాప్‌లో తిరగడం నేను చూశాను. అది వాళ్లకు రెండో ఆపద.

పదో అడుగు: నేల మీద పరీక్ష, ఆ తర్వాత గాల్లో

ఇంజన్ నడుస్తుండగా అన్ని రేడియోలూ ఆన్ చేసి, సామాను ఒక్కొక్కటీ ఆన్, ఆఫ్ చేయండి. హెడ్‌సెట్‌లో ఈల, గరగర వస్తోందా, జీపీఎస్ ఉపగ్రహాల సంఖ్య పడిపోతోందా, కంపాస్ కదులుతోందా చూస్తూ ఒకరు రాసుకోవాలి. ఒక విమానంలో మాకు ఆపద ఫ్రీక్వెన్సీ 121.5 మీద సన్నటి ఈల వినపడింది. రెండు రోజులు కెమెరాను అనుమానించాం. చివరికి అది స్క్రీనుకు పెట్టిన చవక పవర్ సప్లై. దాన్ని మార్చగానే ఈల పోయింది. పరీక్ష అయ్యాక కంపాస్ స్వింగ్ (దిక్సూచి తప్పును సరిచూసే పరీక్ష) మళ్లీ చేయించండి.

గాల్లో మొదటి పని, కెమెరా చెప్పే చోటు నిజంగా ఆ చోటేనా అని తేల్చుకోవడం. కెమెరా బిగింపులో ఒక్క డిగ్రీ తేడా ఉంటే మూడు కిలోమీటర్ల దూరంలో 52 మీటర్ల తప్పు. గోదావరి లంకలో అది రెండు ఇళ్ల తేడా. రన్‌వే మొదలు లాంటి తెలిసిన గుర్తును ఎంచుకుని నాలుగు వైపుల నుంచీ చూడండి. తప్పు ఎప్పుడూ విమానానికి ఒకే పక్కన వస్తుంటే అది బిగింపు కోణం తేడా. ఎటు నుంచి వచ్చినా తప్పు ఉత్తరానికో తూర్పుకో ఉంటే అది జీపీఎస్ లేదా మ్యాపు తేడా.

రెండో పని, మనుషులతో పరీక్ష. నమ్మకమైన ముగ్గుర్ని పొలం గట్టు మీద పెట్టండి. ఒకరు నిలబడాలి, ఒకరు కూర్చోవాలి, ఒకరు తడి దుప్పటి కప్పుకుని పడుకోవాలి. వాళ్లు ఎక్కడున్నారో ఆపరేటర్‌కు చెప్పకండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వెతకమనండి. నిలబడ్డవాడు చిటికెలో దొరుకుతాడు. దుప్పటి కింద ఉన్నవాడు దొరకడానికి పట్టిన సమయమే మీ విమానం అసలు సామర్థ్యం. ఎత్తు, దూరం, జూమ్, సమయం అన్నీ పట్టికలో రాయండి. బ్రోషర్ పక్కన పడేసి ఆ పట్టికతో ప్లాను వేయండి.

రోజూ చేసే పని

టాక్సీ, టేకాఫ్, ల్యాండింగ్ సమయంలో లెన్సు ముఖం వెనక్కి తిప్పి లాక్ చేయాలి. రాళ్లూ పురుగులూ అప్పుడే తగులుతాయి. పైన చల్లబడిన లెన్సు కిందికి దిగగానే కోస్తా తేమకు మంచు పట్టినట్టు మసకబారుతుంది. గుడ్డతో రుద్దకండి, పదిహేను నిమిషాలు వదిలేయండి. ఉప్పుగాలిలో ఎగిరిన రోజు డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడిగి, గాలితో ఆరబెట్టి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. బంతిలో తేమను పీల్చే గుళికలు రంగు మారాయేమో వారానికొకసారి చూడండి. జూన్ మొదటి వారంలోపు వాటిని మార్చేసి, ఒక జత అదనంగా విమానం పెట్టెలోనే ఉంచండి.